రొయ్యల గుంటలో పడ్డ నల్ల దుంగలు: వలయాలను బట్టి పాత వానలు తెలుస్తాయా?

కండలేరు_గట్టు:
నెల్లూరు జిల్లా ముత్తుకూరు దగ్గర క్రీకు (ఉప్పునీటి పాయ) పక్కన రొయ్యల గుంట తవ్వుతుంటే 12 అడుగుల కింద, కుళ్లాకు వాసన కొట్టే అడుసులో రెండు దుంగలు బయటపడ్డాయి. బొగ్గులా నలుపు, గోరుతో నొక్కితే గుంట పడుతోంది. కోతలో వలయాలు కనిపిస్తున్నాయి. ఐర్లండ్‌లో పీట్ నేలల (కుళ్లిన మొక్కలు పేరుకున్న తడి నేలల) ఓక్ దుంగలతో వేల ఏళ్ల వాతావరణం లెక్కగట్టారంటారు. ఇక్కడ కుదురుతుందా? ఎండబెట్టి దాచమంటున్నారు, దాచనా?

మానుచెక్క:
ఎండబెట్టొద్దన్నా! అంతకాలం నీళ్లలో నానిన కలపలో కణాల గోడలు బాగా కరిగిపోయి ఉంటాయి. ఆకారాన్ని నిలబెట్టేది లోపలి నీళ్లే. అవి ఆరితే గోడలు కూలి, దవ్వ నుంచి బెరడుదాకా పగుళ్లొస్తాయి. ఇక వెడల్పు కొలిచేదేముంది? తడిగుడ్డ చుట్టి, పైన పాలిథిన్ పట్టా బిగించి నీడలో పెట్టు. వార్నిష్, ఫెవికాల్, చెదల మందు ఏదీ పూయొద్దు, వాటిలోని కార్బన్ కలిస్తే, చెక్కలోని కార్బన్‌ను కొలిచి తర్వాత చేసే కాలనిర్ణయాన్ని చెడగొడుతుంది.

కణుపులు లేనిచోట 3–4 అంగుళాల మందం బిళ్ల కోయించు. బెరడు ఊడకుండా ముందే గుడ్డతో కట్టు. చివరి వలయం పోతే చెట్టు ఏ ఏడు చచ్చిందో చెప్పలేం. తడిచెక్కను ఉప్పుకాగితంతో రుద్దితే పీచు లేచి రంధ్రాలు పూడిపోతాయి. ఫ్రీజర్లో గడ్డకట్టించి, కొత్త బ్లేడుతో సన్నగా చెక్కి, సుద్దపొడి రుద్దితే రంధ్రాల వరసలు తెల్లగా తేలతాయి.

వలయం_లెక్క:
ముందు అది ఏ మానో తేలాలి. క్రీకు అడుసు కాబట్టి మడ చెట్టు కావచ్చు. చాలా మడ జాతుల కాండంలో పట్టీలు కచ్చితంగా ఏడాదికొకటి చొప్పున రావు, కాబట్టి వాటితో వానల లెక్క కట్టడం కష్టం. కార్బన్ పరీక్షతో కాలం మాత్రం తెలుస్తుంది. టేకైతే అదృష్టం, ప్రతి ఏటి మొదట్లో పెద్ద రంధ్రాల వరస కంటికే కనిపిస్తుంది.

అయితే నెల్లూరులో అసలు వాన అక్టోబరు–డిసెంబరులో. జూన్, జూలై జల్లులకు చెట్టు లేచి, మధ్యలో ఎండకు ఆగి, మళ్లీ ఈశాన్య రుతుపవనాలకు పెరిగితే ఒకే ఏట రెండు వలయాల్లా పడొచ్చు. దొంగ వలయం అంచు మసగ్గా ఉంటుంది. దాని వెంట వేలు పెట్టి తిప్పుకుంటూ పోతే ఎక్కడో మాయమైపోతుంది. అసలుది చుట్టూ తిరిగి కలుస్తుంది. అందుకే బిళ్ల మీద దవ్వ నుంచి బెరడుదాకా కనీసం మూడు గీతల వెంట కొలవాలి.

కార్బన్_పద్నాలుగు:
ఐర్లండ్‌లో పీట్ దుంగలు, పాత కట్టడాల దూలాలు, బతికున్న చెట్లు, వీటి వలయాలను ఒకదానితో ఒకటి సరిపోల్చి గొలుసు కట్టారు. జర్మన్ ఓక్‌తో కలిపి 7,272 ఏళ్ల వరుస 1984లో అచ్చయింది. దక్షిణాదిన టేకు వరుసలు కొన్ని వందల ఏళ్లకే ఆగిపోతాయి. కాబట్టి మీ దుంగ అంతకంటే పాతదైతే ఏటికి ఏడు అతకదు.

అప్పుడు దారి రేడియోకార్బన్, అంటే పైన చెప్పిన కార్బన్ పరీక్షే. ఒకే ముక్క పంపితే చాలదు. క్రీ.పూ. 800–400 మధ్య కాలానిదైతే వందల ఏళ్ల తేడాతో జవాబొస్తుంది. వలయాలు లెక్కపెట్టి, 20కొకటి చొప్పున ఐదారు ముక్కలు తీస్తే మధ్య ఎడం తెలుసు గనక తేడా బాగా తగ్గుతుంది. రంపం ఆయిల్ తగిలిన పైపొర చెక్కేయండి. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థలో వలయాల పని, కార్బన్ పని రెండూ ఉన్నాయి. 50 లోపు వలయాలుంటే సరిపోల్చడం నమ్మలేం.

కండలేరు_గట్టు:
ఒకదానికి బెరడుంది, 70 దాకా లెక్కొచ్చింది. సన్న వలయమంటే కరువేనా?

వలయం_లెక్క:
తడినేల చెట్టుకు అలా అనలేం. పీట్‌లో ఓక్, పైన్ వేళ్లు నీట మునిగినా వలయం సన్నబడుతుంది, అంటే వాన ఎక్కువైనా అదే గుర్తు. వెడల్పుతో పాటు సెల్యులోజ్‌లోని (చెక్క పీచులోని) ఆక్సిజన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు కూడా చూడాలి. పైగా చెట్టు ఎక్కడ పెరిగిందో అక్కడి వానే అందులో ఉంటుంది. గుంటలో ఇంకో దుంగ కనిపిస్తే లాగకముందే చూడన్నా: వేళ్లు అడుసులోకి దిగి ఉన్నాయా, వరదకు కొట్టుకొచ్చి అడ్డంగా పడిందా? లోతు, తల ఏ దిక్కున ఉందో రాసుకుని, దాన్ని ఆనుకున్న నల్లమట్టి ఒక డబ్బాకు తీసి మూతపెట్టు. అందులో గింజలు, పుప్పొడి దొరకొచ్చు, అప్పట్లో అక్కడ ఏ మొక్కలుండేవో వాటితో తెలుస్తుంది.