భయపడతారని జనానికి సగమే చెప్పవచ్చా?

దూరదర్శిని:
సైన్స్ సంగతులు జనానికి చెప్పేవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పాలా? లేక జనం ఏం చేస్తే మంచిదో తామే తేల్చుకుని, అటు నడిపించేంత వరకే చెప్పాలా? రెండోది తప్పని నా గట్టి నమ్మకం. కరోనా మొదలైన 2020 ఫిబ్రవరి చివర్లో అమెరికా సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్యంపై ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టరు, మాస్కులు కొనొద్దన్నారు. మామూలు జనానికి అవి పనిచేయవన్నారు, అదే నోటితో వైద్య సిబ్బందికి దొరక్కపోతే ప్రమాదమనీ అన్నారు. ఏప్రిల్ 3న అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీయే గుడ్డ మాస్కులు కట్టుకోమంది. "కొరతగా ఉన్నాయి, ముందు ఆసుపత్రులకు వదలండి" అంటే జనానికి అర్థం కాదా?

రాత్రిడ్యూటీ:
నేను ఒప్పుకోను. 1995 అక్టోబరులో బ్రిటన్ మందుల భద్రతా కమిటీ కొన్ని కొత్తరకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెండింతలవుతుందని హెచ్చరించింది. అందులో అబద్ధం లేదు. భయపడి ఎంతోమంది మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అబార్షన్లు సుమారు 13,000 పెరిగాయి. పైగా రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రలతో కంటే గర్భంతోనే ఎక్కువ! నిజం చెప్పేశాం, మా పని అయిపోయిందంటే ఎలా?

దూరదర్శిని:
జనం చెవిన పడింది "రెండింతలు" ఒక్కటే కదండీ. 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందని విన్నవాళ్లు అలా మానేసేవాళ్లా? అక్కడ జరిగింది కూడా సగం చెప్పడమే.

శిలాజం:
ధైర్యం చెప్పబోయి సగం చెప్పినా అంతే. ఇటలీలోని లాక్విలాలో 2009లో చిన్న ప్రకంపనలు వరసగా వస్తుంటే, శక్తి కొద్దికొద్దిగా విడుదలవుతోంది కనుక ప్రమాదం లేదని పౌర రక్షణ అధికారి టీవీలో చెప్పారు. ఆ మాటకు శాస్త్రంలో ఆధారం లేదు. ఏప్రిల్ 6 తెల్లవారుజామున భూకంపం 309 మందిని పొట్టన పెట్టుకుంది. నేల కదలగానే బయట పడుకునే అలవాటున్నవాళ్లు ఆ భరోసాతో ఇంట్లోనే ఉండిపోయారని బంధువులు కోర్టులో చెప్పుకున్నారు. 2012లో ఆ అధికారితోపాటు, అప్పట్లో ముప్పును అంచనా వేసిన ఆరుగురు శాస్త్రవేత్తలకూ శిక్ష పడింది. 2014లో శాస్త్రవేత్తల మీద కేసు కొట్టేశారు. "భూకంపం ఎప్పుడొస్తుందో చెప్పలేం, మీ జాగ్రత్తలో మీరుండండి" అని ఉంటే కొందరైనా బతికేవాళ్లేమో. ఈ కేసు గుర్తొస్తే నాకిప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

రాత్రిడ్యూటీ:
మరి "ఇంకా తేలలేదు" అన్న మాటతోనే సిగరెట్ కంపెనీలు దశాబ్దాలు నెట్టుకొచ్చాయి కదా? సందేహమే మన సరుకని 1969లో ఒక కంపెనీ లోపలి కాగితంలో రాసుకున్నారు కూడా. తెలియనిదంతా బయటపెడితే అలాంటివాళ్ల చేతికి ఆయుధం ఇచ్చినట్టే.

దూరదర్శిని:
తేలినదాన్నీ తేలనిదాన్నీ కలిపేస్తేనే వాళ్లకు ఆయుధం. పొగతో క్యాన్సర్ వస్తుందన్నది తేలింది. తాగేవాళ్లలో ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం. రెండూ విడివిడిగా చెప్తే కంపెనీకి దూరే సందేదీ?

రాత్రిడ్యూటీ:
సరే, ఇంతవరకు ఒప్పుకుంటాను. ఇకమీదట మాత్ర గురించి అడిగే అమ్మాయికి ఎందరిలో ఎందరికో కాగితం మీద రాసి చూపిస్తాను. "మీరైతే ఏం చేస్తారు మేడమ్?" అంటే మాత్రం మౌనంగా ఉండను. ఇది నా అభిప్రాయమని ముందే చెప్పి, చెప్తాను.