పొక్లెయిన్ కొనాలా, సబ్‌కాంట్రాక్ట్‌కి ఇవ్వాలా?

మాది కావలి దగ్గర. పూడికతీత, అల్లూరు వైపు రొయ్యల గుంటల కట్టల పనులు చేయిస్తుంటాను. ఇప్పటిదాకా మిషన్ గంటల లెక్కన బాడుగకే. ఎండాకాలంలో అందరికీ ఒకేసారి పని పడి బండి దొరకదు. కొందామంటే, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు మట్టి పని ఆగిపోతుంది. కిస్తీ ఆగదు కదా, అదే టెన్షన్.

సెకండ్ హ్యాండ్‌ది ఒకటి చూశాను. అవర్ మీటర్ (బండి ఎన్ని గంటలు తిరిగిందో చూపేది) తక్కువే చూపిస్తోంది గానీ బకెట్ కీళ్ల దగ్గర పిన్నులు, బుష్షులు బాగా అరిగి ఆడుతున్నాయి. ఆ మీటర్‌ను నమ్మబుద్ధి కావడం లేదు.

సబ్‌కాంట్రాక్ట్‌కి ఇస్తే డీజిల్, ఆపరేటర్ బత్తా, రిపేర్లు వాళ్లవే. కానీ రోలింగ్ (రోలర్‌తో మట్టిని గట్టిగా అణచడం) సరిగా చేయక కట్టకు గండి పడితే రైతు అడిగేది నన్నే.

సొంత బండి ఉన్న అన్నలు దయచేసి చెప్పండి: ఏడాదికి ఎన్ని గంటలు తిరిగితే ఖర్చులు పోను మిగులుతుంది? వానాకాలంలో బండికి పని ఎక్కడ చూసుకుంటున్నారు?