కాంటాక్ట్ లెన్సు నెంబరు షాపులో రాసిస్తే సరిపోతుందా?
నమస్తే అండీ, మాది తిరుపతి. ఇంటర్ చదివే మా పాప అద్దాలు వద్దు, లెన్సులే కావాలని పట్టుబట్టింది. టౌన్లో ఒక కళ్లద్దాల షాపుకి పోతే, కుర్రోడు మిషన్ మీద గడ్డం పెట్టించి, మైనస్ 2.5 అని బిల్లు వెనకాలే రాసిచ్చేశాడు. లైటేసి చూసింది లేదు, నల్లగుడ్డు వంపు కొలిచింది లేదు. అద్దాలకైతే సరేలే అనుకోవచ్చు, లెన్సు నేరుగా కంటి మీదే కూర్చుంటుంది కదా!

డాక్టర్లు, నర్సులు కాని వైద్య నిపుణుల కోసం తెచ్చిన 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో ఆప్టోమెట్రిస్టులు (చూపు పరీక్షించి నెంబరు చెప్పేవాళ్లు) కూడా ఉన్నారు. మరి డిగ్రీ ఉన్న ఆప్టోమెట్రిస్టు రాస్తే చాలా, కంటి డాక్టరే రాయాలా? షాపాయన్ని నీ చదువేంది, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగొచ్చా? రుయా ఆసుపత్రికి తీసుకుపొమ్మంటోంది మా అత్త. ఈ పనిలో ఉన్నోళ్లు కాస్త చెప్పండి.