సెగ చూపిన పీపా, బొగ్గు పట్టిన పీపా

అందరికీ నమస్కారం. ఒక మాట కావాలి. నేనుండేది కెంటకీలోని లూయీవిల్. మొన్న శనివారం ఒక మిత్రుడింట్లో మిక్టర్స్ వాళ్ల టోస్టెడ్ బ్యారెల్ బర్బన్ (బర్బన్ అంటే అమెరికా విస్కీలో ఒక రకం) రుచి చూశాను. 2014లో మొదటిసారి వచ్చిన సరుకు, ఆల్కహాలు 45.7 శాతం. పక్కనే మామూలు బర్బన్ కూడా పెట్టుకుని మార్చి మార్చి తాగాం. తేడా నాలుకకి వెంటనే తెలిసింది కానీ, తెలుగులో రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యంలోనే ఇరుక్కుపోయాను.

చిక్కు ఏమిటంటే, అమెరికా చట్టం ప్రకారం బర్బన్ అనిపించుకోవాలంటే గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. సారాని లోపల మంటపెట్టి మాడ్చిన కొత్త ఓక్ చెక్క పీపాలోనే పోయాలి. ఇది చార్ చేసిన పీపా. నేను తాగిన ఈ టోస్టెడ్ బర్బన్‌ని మాత్రం ఆ పీపాలోంచి తీసి ఇంకో కొత్త పీపాలో పోస్తారు. ఆ రెండోదాన్ని మాడ్చరు, టోస్ట్ చేస్తారంతే. రెండింటికీ నిఘంటువులో దొరికేది 'కాల్చిన' అనే మాటే. "కాల్చిన పీపాలోంచి కాల్చిన పీపాలోకి" అని రాస్తే చదివేవాళ్లు నేను తాగి రాశాననుకుంటారు.

రాజమండ్రి నుంచి:
దోరగా వేయించిన పీపా అనండి. వేరుశనక్కాయలైనా రవ్వైనా మనం మాడకుండా తీసేది దోరగానే కదా. మాట కమ్మగా కూడా ఉంది.

అడిగినవాడు:
నేనూ ముందు అదే రాసి కొట్టేశానండీ. వేయించాలంటే మూకుడు కావాలి, అందులో ఏదో వెయ్యాలి, అటూ ఇటూ కలపాలి. ఇక్కడ సెగ తగిలేది పీపాకే. మూకుడునే వేయించినట్టు ఉంటుంది!

కరీంనగర్ నుంచి:
పీపాను ఎట్ల చేస్తరో చెప్పుండ్రి ముందు. పని తెలిస్తే మాట అదే వస్తది.

అడిగినవాడు:
నిజమే. చార్ అంటే పీపా లోపలికి మంట కొట్టించడం. నిమిషం లోపే అయిపోతుంది. ఎంత మాడ్చాలనేదానికి నంబర్లున్నాయి. నాలుగో నంబరుకి సుమారు 55 సెకన్లు. అప్పటికి లోపలి చెక్క నల్లగా పగిలి మొసలి తోలులా పొలుసులు కడుతుంది, దాన్ని మొసలి చార్ అనే పిలుస్తారు. టోస్ట్‌కి మంట నేరుగా అంటదు. తక్కువ వేడి మీద చాలాసేపు ఉంచుతారు. చెక్క బొగ్గవదు, గోధుమరంగులోకి తిరుగుతుంది. వేడి లోపలికి ఇంకి, చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం విరిగితే వెనిల్లా వాసన పుడుతుంది. చెక్కలోదే ఇంకో పదార్థం, హెమిసెల్యులోజ్, చక్కెరలుగా మారి పాకం రంగు తిరుగుతుంది.

కరీంనగర్ నుంచి:
ఇగ దొరికింది. మా దిక్కు డప్పు కొట్టేముందు గడ్డిమంట ఏసి సెగ చూపిస్తరు. తోలు బిగుసుకోవాలె గని కాలొద్దు. ఎక్కడ ఆపాలెనో ఆ చేతికే తెలుస్తది. మీ పీపాకు చేసేది గూడ అదే. సెగ పట్టిన పీపా అనుండ్రి.

గుంటూరు నుంచి:
అయ్యా, ఆగండి. పాత తెలుగులో 'సెగ' ఒక సుఖవ్యాధి పేరు కూడా. మా తాతగారి తరంవాళ్లు "వాడికి సెగ పట్టింది" అంటే సానుభూతి చూపించరు, పక్కకి జరుగుతారు. సీసా మీద ఆ మాట వేస్తే కొనేవాడుండడు.

అడిగినవాడు:
🙂 బతికించారు. 'పట్టిన' తీసేసి 'చూపిన' ఉంచుదాం. సెగ చూపిన పీపా అంటే రోగం గుర్తుకు రాదు. 'పట్టడం' బొగ్గుకి వదిలేద్దాం: బొగ్గు పట్టిన పీపా. జంట కుదిరింది. డప్పు పోలిక మాత్రం నాకు తట్టేది కాదు, మీకు రుణపడి ఉన్నాను.

విశాఖ నుంచి:
ఓక్‌ని అలాగే వదిలేశారేం? సింధూర వృక్షం అనొచ్చుగా.

అడిగినవాడు:
అనొచ్చు. కానీ సింధూరం అనగానే నుదుటిబొట్టు కళ్ల ముందు నిలుస్తుంది, చెట్టు కాదు. పీపా కూడా పోర్చుగీసువాళ్ల మాటే, మనం పరాయిదనుకోవడం ఎప్పుడో మానేశాం. ఓక్‌నీ రానిద్దాం. నాకు అంతకంటే ఇబ్బంది 'ఫినిష్' దగ్గర. సారాని రెండో పీపాలో కొంతకాలం ఉంచడాన్నీ అదే అంటారు, మింగాక గొంతులో నిలిచే రుచినీ అదే అంటారు.

రాజమండ్రి నుంచి:
రెండోసారి వడ్డిస్తే మారువడ్డన. రెండోసారి పెళ్లి చేసుకుంటే మారుమనువు. రెండో పీపాలో పోస్తే మారుపీపా. వేయించడం ఓడిపోయినా ఇదైనా ఉంచండి.

అడిగినవాడు:
ఉంచడం కాదు, నెత్తిన పెట్టుకుంటాను. మింగాక మిగిలేదానికి 'వెనుకరుచి' అని పెట్టుకున్నాను. ఇంతకంటే మంచిది ఎవరికైనా తడితే చెప్పండి.

ఇదిగో, మొదటి వాక్యంలోనే ఇరుక్కుపోయానన్న ఆ రుచి చీటీ తిరగరాశాను. మాట సరిపోయిందో లేదో మీరే చూడండి:

"బొగ్గు పట్టిన పీపాలోంచి సెగ చూపిన మారుపీపాలోకి మారిన బర్బన్. ముక్కు దగ్గర పెట్టుకోగానే లేతపాకం వాసన, వెనకే నెయ్యి కాచిన గిన్నె అడుగున మిగిలే గసి. నాలుక మీద కొంచెం కొబ్బరి, చివర్లో ఒక లవంగం కొరికినట్టు. మామూలు బర్బన్‌లో ఉండే మసివాసన ఇందులో వెనక్కి జరిగింది. నీళ్లు రెండు చుక్కలు వేస్తే తీపి పెరిగింది కానీ ఒళ్లు పలచబడింది, వెయ్యకపోవడమే మంచిది. వెనుకరుచి వగరు. పచ్చి వక్క వగరు కాదు, టీ ఎక్కువసేపు మరిగినప్పటి వగరు."

గుంటూరు నుంచి:
"ఒళ్లు పలచబడింది" ఇంగ్లీషు వాసన కొడుతోందండీ. మజ్జిగ పలచబడుతుంది, ఒళ్లు కాదు. "పలచబడింది" చాలు.

అడిగినవాడు:
తీసేశాను.

కరీంనగర్ నుంచి:
గసి అన్నరు సూడుండ్రి, దాంట్ల ఇంత చక్కెర కలుపుకొని తిన్నోళ్లకు మీ బర్బన్ ఎట్లుంటదో తాగకుండనే తెల్సిపోయింది.