ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించాక జీపు వేడెక్కుతోంది, దయచేసి సలహా చెప్పండి

బెజవాడ జీపు:
సభ్యులందరికీ నమస్కారం. మా పాత డీజిల్ జీపుకు బెల్టు మీద తిరిగే ఫ్యానును తీయించి, దాని స్థానంలో 12 వోల్టుల ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించాము. అప్పటి నుంచి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటిపోతోంది. థర్మోస్టాట్ (ఇంజిను వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) కొత్తది వేయించాము, రేడియేటర్ మూత మార్చాము, కూలెంట్ మొత్తం దింపి మళ్లీ నింపాము. ఫ్యాను శుభ్రంగా తిరుగుతోంది, ఎక్కడా కారడం లేదు. ఈ పూట పొద్దుటి నుంచి బానెట్ ఎత్తుకుని ఎండలోనే నిలబడి ఉన్నాను. ఆటోనగర్‌లో ఒకరు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిను హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిందంటారు, ఇంకొకరు వాటర్ పంపు అంటారు. ఎవరి మాట నమ్మి ఇంజిను విప్పించాలో తెలియడం లేదు.

మంగళగిరి డ్రైవరు:
బండి ఆగి ఉన్నప్పుడు వేడెక్కుతోందా, పరుగులో వేడెక్కుతోందా? అది చెప్పకుండా ఎన్ని భాగాలు మార్చినా డబ్బు దండగే.

పట్టాభిపురం మాస్టారు:
అసలు సంగతి నీళ్లలో ఉంది. మన గుంటూరు వైపు చాలామంది రేడియేటర్‌లో బోరు నీళ్లే పోస్తారు. ఆ నీటిలోని సున్నం వేడికి విడిపోయి, టీ కాచే గిన్నె అడుగున పేరుకున్నట్టే రేడియేటర్ గొట్టాల లోపలి గోడలకు పట్టుకుంటుంది. గొట్టాల దారి సగానికి సగం మూసుకుపోయిన తరువాత మీరు ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా లోపలి వేడి బయటకు రాదు. ఇంజిను పూర్తిగా చల్లారిన తరువాత మూత తీసి టార్చి వేసి చూడండి. గొట్టాల మూతుల దగ్గర తెల్లటి పొర కనిపిస్తే రేడియేటర్‌ను దింపి కడిగించక తప్పదు. వేడి మీద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మూత తీయవద్దు, మొహం కాలిపోతుంది. ఇకమీదట డిస్టిల్డ్ వాటరు, కూలెంట్ సమపాళ్లలో కలిపి వాడండి.

బెజవాడ జీపు:
మాస్టారూ, నేను పోసింది డిస్టిల్డ్ వాటరే. డ్రైవరు గారూ, బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగినా ముల్లు సగం దాటి కొంచెం పైకి వెళ్లి అక్కడే ఆగుతోంది. వారధి దాటి హైవే ఎక్కి అరవైలో పోనిస్తే కాజ టోల్ గేటు చేరేలోపే ఎర్రగీతలోకి వెళ్తోంది. ఫ్యాను ఇగ్నిషన్‌కే కలిపి ఉంది కనుక తాళం తిప్పినప్పటి నుంచీ తిరుగుతూనే ఉంటుంది. ఇవన్నీ మామూలే కదా అని ముందు రాయలేదు.

పట్టాభిపురం మాస్టారు:
హైవే మీద వేడెక్కితే అది రేడియేటర్ పూడికే. అరవైలో వెళ్లే బండికి ఎదురుగాలే చాలు, ఫ్యాను అవసరమే లేదు. మీరు ఇప్పుడు డిస్టిల్డ్ వాటరు పోసినా, అంతకు ముందు ఏళ్ల తరబడి ఏమి పోశారన్నది ముఖ్యం.

ఆటోనగర్ వైరింగ్:
మాస్టారు గారు చెప్పిన సూత్రం సరైనదే. ట్రాఫిక్‌లో వేడెక్కితే ఫ్యానును, హైవే మీద వేడెక్కితే రేడియేటర్‌నో పంపునో అనుమానించడం మా వృత్తిలోనూ మామూలు. కానీ పాత ఫ్యాను ఉన్నంత కాలం ఇదే రేడియేటర్ బాగా పనిచేసింది కదా, ఫ్యాను మార్చిన రోజునే పూడిక ఎలా వస్తుంది? ఈ సూత్రానికి ఒక మినహాయింపు ఉంది. ఫ్యాను తిరగవలసిన వైపు కాకుండా ఎదురు వైపు తిరుగుతూ ఉంటే, ఆగి ఉన్నప్పుడు ఏదో ఒక గాలి రేడియేటర్ గుండా కదులుతుంది కనుక కొంతవరకు నెట్టుకొస్తుంది. హైవే మీద మాత్రం ముందు నుంచి వచ్చే గాలికి అడ్డం పడుతుంది. ఫ్యానును రేడియేటర్‌కు ముందు బిగించారా, వెనుక బిగించారా?

బెజవాడ జీపు:
ముందు, గ్రిల్లుకూ రేడియేటర్‌కూ మధ్య బిగించారు. వెనుక చోటు సరిపోలేదన్నారు. పాత ఫ్యాను చుట్టూ ఉన్న రేకు తొడుగును కూడా తీసేశారు.

మంగళగిరి డ్రైవరు:
బండి నిలబెట్టి, ఇంజిను నడుస్తుండగా ఒక న్యూస్ పేపరు ముక్కను గ్రిల్లుకు ఆనించండి. అతుక్కుంటే సరే, ఎగిరి మీ మీదకు వస్తే ఫ్యాను తిరగబడినట్టే. గ్యాస్కెట్ మాట తరువాత చూడవచ్చు.

బ్రాడీపేట సభ్యుడు:
ఇంజినుతో తిరిగే ఫ్యానును తీయడమే అనవసరం అని నా అభిప్రాయం. మైలేజి ఎంత పెరుగుతుందని ఈ శ్రమ? కంపెనీ వారు లెక్క కట్టి పెట్టినదాన్ని పీకించుకుని ఇప్పుడు కాగితాలతో పరీక్షలు చేయడం నాకు వింతగా ఉంది. అదీగాక పాత ఇంజిన్లకు పచ్చ కూలెంటే పోయాలి.

ఆటోనగర్ వైరింగ్:
రంగును బట్టి కూలెంట్ రకాన్ని తేల్చలేము, డబ్బా మీద ఏమి రాశారో చదవాలి. సమపాళ్ల మిశ్రమం మూత లేకుండా దాదాపు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మంచి మూత ఒత్తిడిని నిలిపితే మరుగు స్థానం ఇంకా 20 డిగ్రీల వరకు పెరుగుతుంది. అందుకే ముల్లు ఎర్రగీతలోకి వెళ్లడం వేరు, నిజంగా మరగడం వేరు. జీపు వారూ, బండి ఆపినప్పుడు పొంగి బయటకు వచ్చిందా? రాకపోతే ఎర్తు కూడా చూడాలి. ఇలాంటి ఫ్యాను 10 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది. ఇంజినుకూ బాడీకీ మధ్య ఎర్తు పట్టీ తుప్పు పట్టి ఉంటే, అంత కరెంటు పారినప్పుడు మీటరు ముల్లు తప్పు చూపించవచ్చు.

పట్టాభిపురం మాస్టారు:
ఎర్తు, పేపరు అంటూ పక్కదారులు పట్టిస్తున్నారు. రేడియేటర్ దింపించండి, నిజం తెలుస్తుంది.

బెజవాడ జీపు:
పొంగింది మాస్టారూ, టోల్ గేటు పక్కన ఆపితే రిజర్వు డబ్బా నిండి కింద కారింది, కనుక మీటరు తప్పు కాదు. పేపరు పెట్టి చూశాను. ఆంధ్రజ్యోతి ఆదివారం పేజీ గ్రిల్లు మీద ఒక్క క్షణం కూడా నిలవకుండా నా చొక్కా మీదకు వచ్చి పడింది.

ఆటోనగర్ వైరింగ్:
అయితే దొరికింది. రెండు వైర్లనూ అటూ ఇటూ మార్చితే మోటారు తిరిగే దిశ మారుతుంది, కానీ అక్కడితో ఆగవద్దు. రెక్కల వంపు ఒక దిశకే చేసి ఉంటుంది. వెనుక బిగించే ఫ్యానును ముందు బిగించి వైర్లు మాత్రమే మార్చితే గాలి సరైన వైపుకే వస్తుంది గాని బలం బాగా తగ్గిపోతుంది. కొన్ని ఫ్యాన్లకు రెక్కను విప్పి తిప్పి బిగించుకునే వీలుంటుంది, మీది అలాంటిదేమో చూడండి. మరో విషయం, ఫ్యానును ఇగ్నిషన్‌కు నేరుగా కలపకుండా ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి), ఫ్యూజు, 92 డిగ్రీల దగ్గర కలిసే థర్మో స్విచ్చి పెట్టించండి. ఇంజిను నడుస్తుండగా ఫ్యాను కనెక్టరు దగ్గర మల్టీమీటరు పెట్టి చూడండి. 13 వోల్టుల కంటే బాగా తగ్గితే వైరు సన్నం అన్నమాట.

మంగళగిరి డ్రైవరు:
పాత ఫ్యానుతో పాటు దాని కింది దిమ్మను కూడా తీసి ఉంటే, అవే పొడవాటి బోల్టులను మళ్లీ బిగించారేమో చూసుకోండి. అవి లోపల అడుగు తాకి ఆగిపోతాయి, వాటర్ పంపు పుల్లీ మాత్రం వదులుగా ఉండిపోతుంది. చేత్తో ఊపి చూస్తే తెలిసిపోతుంది.

బెజవాడ జీపు:
పుల్లీ గట్టిగానే ఉంది. ఎలక్ట్రీషియన్ ఇప్పుడే సరిచేసి వెళ్లాడు, పేపరు అతుక్కుంటోంది, తాడేపల్లి దాకా వెళ్లి వచ్చాను, ముల్లు సగంలోనే ఉంది. అందరికీ ధన్యవాదాలు.

ఆటోనగర్ వైరింగ్:
సంతోషం. రెక్క తిప్పి బిగించాడా, వైర్లు మాత్రమే మార్చాడా?

పట్టాభిపురం మాస్టారు:
తాడేపల్లి దాకా వెళ్లడం పరీక్ష కాదు. నలుగురిని ఎక్కించుకుని, మధ్యాహ్నం ఎండలో గుంటూరు దాకా రండి, అప్పుడు మాట్లాడదాం.