బడిలో ప్యానెల్ ఉంది, సెన్సార్ల పెట్టె ఉంది: పిల్లల చేత ప్రాజెక్టులు ఎలా చేయించాలి?

ప్రశ్న: భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. మా తరగతి గదుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (వేలితో తాకి నడిపే పెద్ద తెరలు) ఉన్నప్పటికీ, వాటిని వీడియో పాఠాలు చూపించడానికి మించి వాడుకోవడం లేదు. ఒక దాత ఇచ్చిన ఆర్డుయినో బోర్డులు (ప్రోగ్రాము రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డులు), సెన్సార్లు బీరువాలో ఉన్నాయి; పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో తాళం తీయడానికి ఎవరూ ముందుకు రావడం లేదు. సైన్స్ ఫెయిర్ వచ్చినప్పుడు పిల్లలు అంగడిలో సిద్ధంగా అమ్మే నమూనాలను కొని తెస్తున్నారు. తొమ్మిదో తరగతిలో నిజమైన ఆసక్తి ఉన్నవారు పది పదిహేను మంది ఉన్నారు. నాకు ప్రోగ్రామింగ్ రాదు. సిలబస్ వెనకబడకుండా ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరు.

జవాబు: ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకుడు, అనంతపురం

సార్, పెట్టెలో ఉన్న వస్తువులతో ఏం చేయవచ్చని ఆలోచించడం కంటే, బడిలో ఏది ఇబ్బందిగా ఉందో ముందు పిల్లలనే అడిగి, దానికి పెట్టెలో ఏదైనా పనికొస్తుందేమో వెతకడం మేలు. చాలా బడుల్లో వినిపించే మొదటి ఇబ్బంది మిద్దె మీది నీళ్ల ట్యాంకు ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియకపోవడం. మీ పెట్టెలో హెచ్‌సీ-ఎస్ఆర్04 అనే అతిధ్వని సెన్సార్ ఉంటే, అది 2 సెంటీమీటర్ల నుంచి సుమారు 4 మీటర్ల వరకు దూరాన్ని కొలవగలదు. ధ్వనిని పంపి, నీటి మీద పడి తిరిగి వచ్చేదాకా పట్టిన కాలాన్ని లెక్కిస్తుంది. (ఆవిరి తగిలే చోట అది ఎక్కువకాలం నిలవదు, ప్రయోగానికి చాలు.)

అసలు పాఠం ఆ తర్వాత మొదలవుతుంది. సాధారణంగా ప్రోగ్రాములో ధ్వని వేగాన్ని సెకనుకు 343 మీటర్లుగా రాస్తారు. అది 20 డిగ్రీల దగ్గరి విలువ. ఎండాకాలంలో ట్యాంకులోని గాలి 40 డిగ్రీలకు చేరితే వేగం సుమారు 355 మీటర్లవుతుంది. అప్పుడు 2 మీటర్ల దూరాన్ని సెన్సార్ దాదాపు 7 సెంటీమీటర్లు తక్కువ చేసి చూపిస్తుంది. పిల్లలు కొలకర్రతో సరిచూసి ఈ తేడాను వాళ్లే పట్టుకుని, కారణం వెతికి, ప్రోగ్రాములో ఉష్ణోగ్రతను చేర్చారంటే తొమ్మిదో తరగతి ధ్వని పాఠం మళ్లీ చెప్పే పనే ఉండదు. కనుక దీనిని సిలబస్‌కు అడ్డంకిగా చూడనక్కరలేదు. ప్రోగ్రామింగ్ విషయానికి వస్తే, దగ్గరలోని ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులను అడగండి. అయితే వాళ్లే చేసి ఇవ్వకుండా, పిల్లల చేతులతోనే చేయించాలన్న షరతు పెట్టండి.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

నా అభిప్రాయం కొంచెం వేరు. సెన్సార్ల కంటే ముందు బీరువా తాళం సంగతి తేల్చుకోవాలి. ఏ పరికరాలను విద్యార్థుల వాడకానికి ఇస్తున్నారో పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో ముందే తీర్మానం రాయించుకుని, వాడకంలో పాడైన వాటిని స్టాకు రిజిస్టరులో అప్పటికప్పుడు నమోదు చేయించండి. కాగితం సరిగా ఉంటే భయం సగం పోతుంది.

మొదటి ప్రాజెక్టుకు కరెంటు కూడా అక్కరలేదు. నిలువు గోడలున్న సీసా పైభాగాన్ని కోసి గరాటులా బోర్లిస్తే వర్షమాపకం అవుతుంది. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో ప్రతి జల్లుకూ విలువ ఉంది. పిల్లలు రోజూ కొలిచిన అంకెలను స్ప్రెడ్‌షీటులో ఎక్కించి, ప్యానెల్ మీద రేఖాచిత్రం గీసి, మండల కేంద్రంలో నమోదైన లెక్కతో పోల్చాలి. 1 మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు 1 లీటరు కనుక, మిద్దె మీద పడిన నీరెంతో వాళ్లే లెక్కగడతారు.

విద్యార్థుల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్-మానక్‌కు ఆలోచనలు పంపండి. ఎంపికైన విద్యార్థికి 10,000 రూపాయలు వస్తాయి. కొన్న నమూనా అక్కడ నిలవదు. ఇంకొక మాట: జట్టులో మగపిల్లలు తీగలు పట్టుకుని, ఆడపిల్లలకు నోటుపుస్తకం అప్పగించే అలవాటు ఉంది. వారం వారం పనులు మార్చండి.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలు మేడమ్, సార్. వర్షమాపకంతో మొదలుపెట్టి ట్యాంకు దగ్గరికి వస్తాం. కానీ ప్యానెల్‌కు ఇంటర్నెట్ నిలకడగా ఉండదు. దూరం ఊళ్ల పిల్లలు సాయంత్రం బస్సుకు వెళ్లిపోతారు. ఏం చేయమంటారు?

జవాబు: గణిత ఉపాధ్యాయిని, ఆదోని, కర్నూలు జిల్లా

సాయంత్రం వద్దు సార్. వారంలో ఒక పీరియడును టైంటేబుల్‌లోనే పెట్టించండి. స్క్రాచ్ (పిల్లలు బొమ్మల దిమ్మెలు పేర్చి ప్రోగ్రాము రాసే సాఫ్ట్‌వేర్), ఆర్డుయినో సాఫ్ట్‌వేర్లను కంప్యూటరులో ఒకసారి ఎక్కించుకుంటే, ఇంటర్నెట్ లేకుండా కూడా పనిచేస్తాయి. మా వైపు కుటుంబాలు సుగ్గికి (పంట కోతల పనికి వలస) పోయినప్పుడు జట్టులో ఒకరిద్దరు నెలల తరబడి కనిపించరు. అందుకని ప్రతి జట్టుకూ ఒక నోటుపుస్తకం పెట్టించి, ఏ తీగ ఎక్కడ కలిపారో, ఏది పనిచేయలేదో తేదీతో సహా రాయించాలి. తిరిగి వచ్చిన పిల్లవాడు దాన్ని చదువుకుని పని అందుకుంటాడు. ఫెయిరులో న్యాయనిర్ణేతలకు కూడా ఆ పుస్తకాన్నే ముందు చూపించండి.