పారిజాతం చెట్టుకు కత్తిరింపులు ఎప్పుడు, ఎంతవరకు?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి)

అందరికీ నమస్కారం. మా పెరట్లో తూర్పు ప్రహరీ గోడను ఆనుకుని ఒక పాత పారిజాతం చెట్టు ఉంది. మేము ఈ ఇల్లు కొనేనాటికే అది బాగా ముదిరిన చెట్టు. పూర్వం ఎప్పుడో దాని మానును మనిషి ఎత్తులో అడ్డంగా నరికినట్టున్నారు. ఆ నరికిన చోటి నుంచి పుట్టిన కొమ్మలన్నీ ఒత్తుగా, నిటారుగా పెరిగి గోడ దాటిపోయాయి. పూలు ఆ చివర్లలోనే పూసి, తెల్లవారేసరికి ఎక్కువ భాగం పొరుగువారి డాబా మీద రాలుతున్నాయి. మా అమ్మగారు రాలిన పారిజాతాలను ఏరి పూజకు వాడతారు కనుక, పూలు మా వాకిట్లో పడేలా చెట్టును కిందికి తెచ్చుకోవాలని మా కోరిక.

ఇప్పుడు ఆకులు పసుపుబారి రాలుతున్నాయి, కాయలు ఎండి గుత్తులుగా వేలాడుతున్నాయి. మా వీధిలో మొక్కల పని చేసే ఆయన, ఆషాఢంలో వానలు పడ్డాక నరికితే వెంటనే చిగురు వేస్తుందని, అప్పటిదాకా ఆగమని అంటున్నారు. అది సరైన కాలమేనా? ఒకేసారి ఎంతవరకు తీయవచ్చు? కోసిన చోట పేడ పూయాలా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (హైదరాబాదు నుంచి)

నమస్కారమండీ. ఆషాఢంలో మాత్రం కత్తెర పెట్టవద్దని గట్టిగా మనవి చేస్తున్నాను. పారిజాతం ఆ ఏడాది వేసిన కొత్త రెమ్మల చివర్లలోనూ, ఆ చివరలకు దగ్గరగా ఉన్న ఆకుల మొదళ్లలోనూ పూస్తుంది. వేసవిలో చిగురించి, తొలకరికి సాగిన రెమ్మలే శ్రావణ భాద్రపదాల నుంచి మొగ్గ తొడుగుతాయి. ఆషాఢంలో నరికితే మొగ్గకు సిద్ధమైన ఆ చివరలనే తీసేసినట్టవుతుంది. చిగురు వెంటనే వస్తుందన్న మాట నిజమే కానీ, ఆ చిగురు ముదిరి పూసేలోపు పూల కాలం చాలావరకు గడిచిపోతుంది. పైగా వానల్లో తడిసే కోతకు బూజు తెగుళ్లు సులభంగా సోకుతాయి.

కాయలు ఎండి, ఆకులు చాలావరకు రాలి, కొత్త చిగురు ఇంకా కదలని రోజులే దీనికి అనువైనవి. అంటే సుమారుగా ఫిబ్రవరి రెండో పక్షం నుంచి మార్చి నడిమి వరకు. మా వైపు నేలలో తేమ తక్కువ కనుక చెట్టు త్వరగా బోసిపోతుంది. గోదావరి తీరంలో ఆకు ఇంకొంత కాలం నిలవవచ్చు. కాబట్టి తేదీని పట్టుకోకుండా కణుపులను గమనించండి. ఎదురెదురుగా ఉన్న మొగ్గలు ఉబ్బడం మొదలయ్యేలోపు పని ముగించాలి.

ముందుగా ఎండుకొమ్మలు తీయండి. ఆకులు లేనప్పుడు ఏది ఎండిందో, ఏది బతికి ఉందో తెలియదు కనుక బెరడును గోటితో కొద్దిగా గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే అది బతికున్న కొమ్మ. తరువాత ఒకదానినొకటి రాసుకుంటున్నవి, మాను వైపుకు తిరిగినవి తీసేయండి. అసలు పని ఆ తరువాతే ఉంది. నరికిన మోడు నుంచి పుట్టిన కొమ్మలు లోపలి చేవ నుంచి కాక పైపొరల నుంచి వస్తాయి కనుక వాటి పట్టు బలహీనంగా ఉంటుంది, ముదిరి బరువెక్కితే గాలివానకు మొదలంటా చీలిపోయే ప్రమాదం ఉంది. వాటిలో మీ వాకిలి వైపు వంగినవి, ఒకదానికొకటి దూరంగా ఉన్నవి మూడు నాలుగు ఎంచుకుని ఉంచుకోండి. మిగిలినవాటిని రెండు మూడేళ్ల మీద విడతలుగా, ప్రతిసారీ మొదలుకంటా తీయండి. మళ్లీ పైన అడ్డంగా నరికిస్తే మాత్రం ఇప్పుడున్న గుంపు స్థానంలో అంతకంటే పెద్ద గుంపు వస్తుంది, సమస్య అక్కడే మిగిలిపోతుంది.

చిన్న రెమ్మలు కోసేటప్పుడు ఒక మెలకువ పాటించాలి. దీని ఆకులు జంటలుగా వస్తాయి కనుక ఏ కణుపు పైన కోసినా రెండు చిగుళ్లు పుడతాయి. కణుపుకు కొంచెం పైన కోసి, చిగురు రాగానే లోపలి వైపుది వేలితో చిదిమేస్తే బయటి వైపుది సూటిగా సాగుతుంది. పని మొదలుపెట్టే ముందు సికేచర్ (కొమ్మలు కోసే కత్తెర) అంచులను స్పిరిట్‌తో తుడవడం మరవకండి.

సమాధానం (కాకినాడ నుంచి)

పై సమాధానంలో చెప్పిన కాలంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పరిమాణం విషయంలో మాత్రం ఇంకొంత హెచ్చరిక అవసరమని నా అభిప్రాయం. ముదిరిన చెట్టుకు ఒక ఏడాదిలో పావు వంతు తీస్తే చాలు. ఎంత తొందరగా ఉన్నా మూడో వంతు దాటకూడదు. చెట్టు దాచుకున్న ఆహారంలో చాలా భాగం ఆ కొమ్మల్లోనే ఉంటుంది. అదీకాక, ఇంతకాలం నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా రోహిణీ కార్తె ఎండకు బయటపడితే మాడి పగులుతుంది. కొత్తగా ఎండ తగిలే మానుకు, ముఖ్యంగా పడమటి వైపున, పల్చటి సున్నపు తేట పూయండి.

మణికట్టంత లావు కొమ్మలను రంపంతో మూడు కోతలుగా తీయాలి. ముందు మానుకు జానెడు దూరంలో కొమ్మ అడుగు వైపు నుంచి పావు వంతు లోతు కోయండి. దానికి కాస్త అవతల పై నుంచి కోస్తే కొమ్మ బెరడును చీల్చుకుపోకుండా విరిగి పడుతుంది. చివరిగా మిగిలిన మోడును తీసేయండి. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బిన భాగం కనిపిస్తుంది. కోత దానికి సరిగ్గా బయట పడాలి. ఆ ఉబ్బును కలిపి మానుకు సమంగా చెక్కితే పుండు పూడదు, దూరంగా మోడు వదిలినా అది కుళ్లి లోపలికి పాకుతుంది.

ఇక పేడ సంగతి. దయచేసి పూయవద్దు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో ఎన్నో చెట్లను నిలువునా కోసి పరిశీలించి, చెట్టు గాయాన్ని మాన్పుకోదని, దాని చుట్టూ గోడ కట్టుకుని కుళ్లును వేరు చేస్తుందని 1970లలో వివరించారు. పైన పూసే తారు, రంగు వంటివి కుళ్లును ఆపలేవని కూడా ఆ పరిశోధనల్లో తేలింది. బొటనవేలి కంటే సన్నని కోతలకు ఏమీ అక్కర్లేదు. మన తేమ వాతావరణంలో పెద్ద కోతలకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన పూత మందు) పల్చగా రాయడాన్ని మాత్రం నేను సమర్థిస్తాను, ఎందుకంటే అది కోతను మూసే పూతగా కాక శిలీంధ్ర నాశినిగా పనిచేస్తుంది. 100 గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నాన్ని మరో అర లీటరులో ప్లాస్టిక్ పాత్రల్లో వేర్వేరుగా కరిగించి, రెంటినీ మూడో పాత్రలో ఒకేసారి కలపాలి. శుభ్రమైన ఇనుప చాకును అందులో ముంచి చూడండి. చాకు మీద ఎర్రని పూత పడితే సున్నం చాలలేదని అర్థం, మరికొంత చేర్చండి. కలిపిన రోజే వాడేయాలి.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఆషాఢం ఆలోచన మానుకున్నాము. ఇంకొక్క సందేహం. మా చెట్టుకు మనిషి ఎత్తు కింద ఒక్క కొమ్మా లేదు. పైవి ఎంత పలుచన చేసినా వాకిట్లోకి వంగే కొమ్మ కింద ఎలా పుడుతుంది?

సమాధానం (హైదరాబాదు నుంచి)

మాను మీద బెరడు కింద నిద్రాణంగా ఉన్న మొగ్గలు ఉంటాయి. పైన ఒత్తు తగ్గి మానుకు వెలుతురు తగిలితే, చైత్ర వైశాఖాల్లో వాటిలో కొన్ని మేల్కొంటాయి. మామూలుగా వీటిని నీటి కొమ్మలని గిల్లేస్తుంటారు. మీరు మాత్రం వాకిలి వైపు పుట్టినవాటిలో రెండింటిని కాపాడుకుని మిగిలినవి చిదిమేయండి. మూరెడు పొడవు సాగాక చివర గిల్లితే పక్క రెమ్మలు వస్తాయి. పూలు రెమ్మల చివరి భాగాన్నే పూస్తాయి కనుక చివరలు పెరిగినకొద్దీ పూలు పెరుగుతాయి. అయితే ఈ గిల్లడం మే నెలాఖరుతో ఆపేయాలి. జూన్ తరువాత ఒక్క చివరను కూడా ముట్టుకోవద్దు.

మొదటి ఏడాది కింద పెద్దగా పూయకపోవచ్చు, అమ్మగారికి ఆ మాట ముందే చెప్పి ఉంచండి. కింది కొమ్మలు బలపడి పూత పట్టాకే పైన ఉంచిన ఎత్తైన కొమ్మను తీయండి, అప్పుడు ఏ ఏడాదీ పూజకు పూలు లేకుండా పోవు.

సమాధానం (కాకినాడ నుంచి)

ఒక చిన్న చేర్పు. కత్తిరింపుల తరువాత త్వరగా చిగురించాలని యూరియా వేయకండి. ఆకు ఏపుగా పెరిగి పూత వెనుకబడుతుంది. బాగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు తట్టలు, మానుకు మూరెడు దూరంలో పాదు చేసి వేసి, వేసవిలో వారానికోసారి నిండుగా నీరు పెడితే సరిపోతుంది. పొరుగువారి డాబా మీదికి వెళ్లిన కొమ్మలు కోసే రోజున వారికి ముందుగా చెప్పి, తాడు కట్టి దించండి. అటువైపు కరెంటు తీగలు ఉంటే విద్యుత్ సిబ్బంది వచ్చి సరఫరా ఆపేవరకు ఆ కొమ్మల జోలికి వెళ్లవద్దు.